నేను కట్టని పసుపు పీలికలు

ఇది రాసి పెట్టడానికి కారణం ఒక కాగితం. కర్ణాటక తీరంలోని కుందాపుర నుంచి సముద్రం పక్కగా పోయి, ఒక కొండ ఎక్కి, ఇంకో పక్క దిగి, మళ్ళీ కుందాపుర చేరే సైకిల్ దారి గురించి రెండు పేజీల వివరం అది. బెంగళూరులో సైకిల్ తొక్కేవాళ్ళు ఒకరి దగ్గర నుంచి ఒకరు తీసుకుని వాడుకుంటున్నారు. దాని అడుగున ‘ఈ దారిని మునిరాజు గారు ముందుగా స్వయంగా వెళ్ళి చూసి వచ్చారు’ అని ఒక వాక్యం ఉంది. ఆ మునిరాజు నేనే. నేను వెళ్ళలేదు.

ఆ వాక్యం తీసేయమని మూడుసార్లు అడిగాను. ఎవరూ తీయలేదు. ఆ మాట నమ్మి రేపు ఎవరో కొత్తవాళ్ళు ఆ ఘాట్ రోడ్డు దిగుతారు. అందుకని జరిగింది జరిగినట్టు మొదటి నుంచి రాస్తున్నాను. చదివి ఎవరికి తోచింది వారు అనుకోవచ్చు.

దయ్యాలూ గాలీధూళీ నాకు చిన్నప్పటి నుంచీ నమ్మకం లేదు. మా వీధిలో ఒకావిడకు పూనకం వస్తే అందరూ దణ్ణం పెడుతుంటే, నేను లైబ్రరీకి పోయి మూర్ఛల గురించి చదివి వచ్చాను. ఇప్పటికీ నా అభిప్రాయం మారలేదు. దీన్ని దయ్యం కథ అనడం కూడా నాకు ఇష్టం లేదు. ఇందులో చనిపోయినవాళ్ళు ఎవరూ లేరు.

మాది నాలుగు తరాలుగా బెంగళూరు కాటన్‌పేట. బట్టల హోల్‌సేల్ గోడౌన్‌లో సూపర్‌వైజర్ని. బేళ్ళు దించడం, తానులు రంగుల వారీగా పేర్చడం, మళ్ళీ మూటలు కట్టించడం నా పని. బడి చదువు పదో తరగతితో ఆగిపోయింది. తరువాతి చదువంతా ప్రభుత్వ గ్రంథాలయం బల్ల మీద జరిగింది. ఇంగ్లీషు కూడా అక్కడే, నిఘంటువు పక్కన పెట్టుకుని, నేర్చుకున్నాను. పటంలో ఎత్తు గీతలు ఒకదానికొకటి దగ్గరగా ఉంటే ఎక్కుడు నిటారుగా ఉంటుందని నాకు ఎవరూ చెప్పలేదు. పుస్తకంలో చదివి, నంది కొండకు సైకిల్ మీద పోయి సరి చూసుకున్నాను.

సైకిల్ నాకు ఆలస్యంగా పట్టుకున్న పిచ్చి. ఆదివారాలు ఆనేకల్ వైపు తొక్కుకుంటూ పోయేవాణ్ణి. ఆ దారిలో ఒక టీ అంగడి దగ్గర ఇద్దరు పరిచయమయ్యారు. ప్రభుదాస్‌ది ఒంగోలు పక్క. ఇక్కడ ఒక ఆసుపత్రిలో నర్సు. కవితది కరీంనగర్, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఇద్దరూ మడివాళలో ఉంటారు. నాకంటే పదిహేనేళ్ళు చిన్నవాళ్ళు. ఇద్దరూ నన్ను అన్నా అంటారు. కాళ్ళ బలం వాళ్ళది, దారి తెలివి నాది అని పంచుకున్నాం.

మాకు ఒక పద్ధతి ఉండేది. కొత్త దారి ఎవరు తయారు చేస్తే వాళ్ళు ముందుగా ఒంటరిగా పోయి, మొత్తం తొక్కి చూసి రావాలి. మోటారు బండి మీద పోకూడదు, ఎందుకంటే దాని మీద గుంతలు తెలియవు. పోతూ పోతూ మలుపుల దగ్గర గుడ్డ పీలికలు కట్టాలి. ఒక ముడి ఉంటే ఇదే దారి. రెండు ముడులుంటే దగ్గరలో నీళ్ళు దొరుకుతాయి. మూడు ముడులుంటే ప్రమాదం, దిగి నడవాలి. అసలు ప్రయాణం రోజున దారి తయారు చేసినవాడు అందరికంటే వెనక రావాలి, పీలికలన్నీ విప్పుకుని తెచ్చేయాలి. గోడౌన్‌లో గుడ్డకు కొరత లేదు కనక పీలికలు ఎప్పుడూ నావే.

ఆ యేడు పీలికల కోసం ఒక పసుపు తాను తీసుకున్నాను. నేసేటప్పుడు అంచులో ఒక ఆకుపచ్చ పోగు తప్పుగా పడి, అమ్ముడుపోక మిగిలిన తాను అది. ఆ తప్పు ఆ ఒక్క తానులోనే ఉంది. దాని అంచు నుంచి మూరెడు పొడవున ఇరవై పీలికలు కత్తిరించి ఒక గుడ్డ సంచిలో వేశాను. లెక్క ఎందుకు గుర్తుందంటే, ఎన్ని కట్టామో అన్నీ తిరిగి రావాలి కనక ముందే లెక్కపెట్టుకోవడం నా అలవాటు.

కుందాపుర దారి నా ఆలోచనే. నూట అరవై కిలోమీటర్లకు కొంచెం అటూ ఇటూ. మొదట మరవంతె. అక్కడ రోడ్డుకు ఎడమ పక్క సముద్రం, కుడి పక్క నది, మధ్యలో మనం. తరువాత బైందూరు దగ్గర కుడికి తిరిగి కొల్లూరు. అక్కడి నుంచి ఘాట్ ఎక్కి పైన అడవిలో తిరిగి, ఇంకో ఘాట్ మీదుగా కిందికి దిగి మళ్ళీ కుందాపుర. లైబ్రరీలో సుశీలమ్మ గారు బీరువా తాళం తీసి పాత సర్వే పటాలు ఇచ్చారు. రెండు నెలలు వాటి ముందు కూర్చున్నాను. ఉపగ్రహం తీసిన చిత్రాలను ఫోన్‌లో పెద్దవి చేసుకుని పటంతో పోల్చాను. ప్రతి మలుపుకూ నోటుపుస్తకంలో ఒక వరుస రాశాను.

ప్రభుదాస్‌కు ఈ ప్రయాణం మీద చాలా ఆశ. అతని భార్య మేరీకి అప్పుడు ఆరో నెల. బిడ్డ పుట్టాక ఇలాంటివి కుదరవని, ఇదొక్కటి పోయొస్తానని ఆమెను ఒప్పించుకున్నాడు. ఆమె నాకు ఫోన్ చేసి ఒకే మాట అడిగింది. “అన్నా, దారి మీరు చూసొస్తారు కదా?” చూసొస్తానన్నాను.

దసరా ముందు గోడౌన్‌లో పని ఎలా ఉంటుందో ఆ పని చేసినవాళ్ళకే తెలుసు. మూడు వారాలు పొద్దున ఏడింటికి పోతే రాత్రి దాకా బేళ్ళే. పండగ అయిపోయినా పంపాల్సిన సరుకు తరగలేదు. నడుము నిలబడేది కాదు. దారి చూడడానికి పోవాల్సిన శనివారం సాయంత్రం ఇంటికి వచ్చి, బస్సుకు ఇంకా టైముంది కదా అని పది నిమిషాలు నడుము వాల్చాను. సంచి తల దగ్గరే ఉంది. సైకిల్ కింద మెట్ల దగ్గర తాళం వేసి ఉంది.

లేచేసరికి ఆదివారం సాయంత్రం. అలాంటి నిద్ర నా జన్మలో లేదు. కల కూడా రాలేదు. మా ఆవిడ లలిత ఆ రోజు ఆనేకల్‌లో వాళ్ళ చెల్లెలి ఇంటికి పోయి అప్పుడే తిరిగి వచ్చింది. లేవగానే ఒళ్ళంతా నొప్పులు. మూడు వారాల మోత అని అనుకున్నాను.

సోమవారం ప్రభుదాస్ ఫోన్ చేశాడు. “అన్నా, వచ్చేశారా? రోడ్డు ఎట్టా ఉంది?”

నిద్రపోయానని చెప్పాల్సింది. చెప్పలేదు. పటాల గురించి వాళ్ళ ముందు అంత మాట్లాడినవాణ్ణి, పడుకుని బస్సు పోగొట్టుకున్నానని చెప్పడానికి నోరు రాలేదు. “బాగుండాదప్పా,” అన్నాను.

“దిగే ఘాట్?”

“అద్దం మాదిరి ఉండాది. ఏం భయం లేదు.”

మామూలుగా అబద్ధం చెప్పేవాడు తక్కువ మాట్లాడతాడు. నేను పావుగంట మాట్లాడాను. ఏ మలుపు దగ్గర ఏ వాగు, ఎక్కడ చెట్ల నీడ, ఎక్కడ ఎండ, అన్నీ చెప్పాను. అన్నీ పుస్తకాల నుంచీ పటాల నుంచీ వచ్చినవే. చదివినదాన్ని చూసినట్టు చెప్పడం నాకు చాలా తేలిక. అదే నా తప్పు అని ఇప్పుడు తెలుస్తోంది. నేను ఫోన్‌లో దారి రికార్డు చేసుకోనని, నోటుపుస్తకంలోనే రాసుకుంటానని వాళ్ళకు తెలుసు. కాబట్టి రుజువు అడగలేదు. పీలికల గురించి మాత్రం ముందే ఒక మాట వేసి పెట్టాను. రోడ్డు పనివాళ్ళు పీకేస్తున్నారు, అన్నీ ఉండకపోవచ్చు అని.

తరువాతి ఆదివారం కూడా పని వదల్లేదు. ఆ పై వారం ముగ్గురం సైకిళ్ళు బస్సు డిక్కీలో వేసుకుని కుందాపుర చేరాం. ఆదివారం తెల్లవారుతుండగా బయల్దేరాం.

మరవంతె దగ్గర ఎండ అప్పుడే నీళ్ళ మీద పడుతోంది. వాళ్ళిద్దరూ ఆగి ఫోటోలు తీసుకున్నారు. రెండు నెలలు కాగితం మీద చూసిన సముద్రం పక్కనే ఉన్నా నా కళ్ళు కరెంటు స్తంభాల మీదే ఉన్నాయి. లేని పీలికలు ఎక్కడ విప్పినట్టు నటించాలా అని చూసుకుంటున్నాను. కవిత వెనక్కి తిరిగి, “అన్నా, మీ సైకిల్ మీద ఎన్ని పుస్తకాలు పెట్టుకొచ్చిండ్రు? గింత మెల్లగ వస్తున్నరు,” అంది. నవ్వాను.

బైందూరులో కుడికి తిరిగే చోట, స్తంభానికి భుజం ఎత్తున ఒక పసుపు పీలిక కట్టి ఉంది. ఒక ముడి.

వాళ్ళు అప్పటికే దాన్ని చూసి కుడికి తిరిగి పోయారు. నేను దిగి దగ్గరికి పోయాను. ఎవరో గుడికి మొక్కుకుని కట్టి ఉంటారని మొదట అనుకున్నాను. విప్పి చేతిలోకి తీసుకున్నాను. అంచులో ఆకుపచ్చ పోగు ఉంది. గుడ్డకు ఒక పక్క ఎండకు రంగు తేలిపోయి ఉంది, మడతలో మాత్రం కొత్తగా ఉంది. అంటే ఆ పొద్దున కట్టింది కాదు. ముడి మా గోడౌన్ మూట ముడి. అది కూడా ఎడమచేత్తో వేసింది. ఎడమచేతి వాటం ఉన్నవాడు వేస్తే కొస ఎదురు పక్కకు తిరుగుతుంది. మా గోడౌన్‌లో అలా వేసేవాణ్ణి నేనొక్కణ్ణే.

పీలికను జేబులో పెట్టుకుని సైకిల్ ఎక్కాను. కొల్లూరు చేరేలోపల ఇంకో రెండు విప్పాను. ఒకదానికి రెండు ముడులు ఉన్నాయి. దాని పక్కనే బోరింగు ఉంది. అందులో నీళ్ళు వచ్చాయి.

కొల్లూరు దాటి ఎక్కుడు మొదలయ్యే ముందు రోడ్డు పక్క చిన్న హోటల్ ఉంది. రేకుల కప్పు, బయట ఒక పొడవాటి బల్ల. నడిపే ఆవిడ పేరు గిరిజక్క. ఆ పేరు నాకు ఆ రోజే తెలిసింది. కానీ నన్ను చూడగానే ఆమె చెయ్యి తుడుచుకుంటూ బయటికి వచ్చి కన్నడంలో అడిగిన మొదటి మాట ఇది. “గొంతు బాగయిందా?”

ఆమె తనే చెప్పుకుపోయింది. “ఆ రోజు పాపం ఒక్క మాట రాలేదు మీకు. వేడినీళ్ళు ఇస్తే తాగారు. ఈ బల్ల మీదే పడుకున్నారు. ఎంత లేపినా లేవలేదు. లేచాక మూడు వేళ్ళు చూపించి, తినేందుకు కావాలని సైగ చేసి పోయారు. ముగ్గురు వస్తారని అర్థమైంది. ఏ రోజని తెలియక ప్రతి ఆదివారం గంజి ఎక్కువే వండుతున్నాను.”

ఏ రోజు అని అడిగాను. ఆమె వేళ్ళు లెక్కపెట్టి, రెండు వారాల కింద ఆదివారం, మధ్యాహ్నం అంది.

కవితకు కన్నడం సగం సగం వస్తుంది. పడీ పడీ నవ్వింది. “అన్న మాట్లాడకుండ ఉన్నడా? అక్కా, మీరు వేరెవర్నో చూసిండ్రు. మా అన్న నిద్రల గూడ పటాల మీద క్లాసు చెప్తడు.” గిరిజక్క నా సైకిల్ వైపు చూపించింది. వెనక క్యారియర్‌కు కట్టిన ఎర్ర నాడా చూపించి, “ఇదే కదా,” అంది. అది మూట కట్టే నాడా. నేను కట్టినదే.

గంజి తాగారు వాళ్ళు. నాకు దిగలేదు.

ఆ ఘాట్ ఎక్కిన రెండు గంటలు నేను సరిగా వర్ణించలేను. కాళ్ళు నావి కానట్టు ఉన్నాయి. వాళ్ళిద్దరూ ముందు పోయారు. నేను కొంత తొక్కి, కొంత నెట్టుకుంటూ పోయాను. అడవి తడిగా ఉంది, రోడ్డు మీద నాచు. తొక్కుతూ ఒకటే అనుకున్నాను. ఈ పీలికలు ఎవరు కట్టారన్నది తరువాత సంగతి. నేను మాత్రం దిగే ఘాట్ చూడలేదు. అద్దం మాదిరి ఉందని చెప్పాను. ప్రభుదాస్ దింపులో చాలా వేగంగా పోయే మనిషి. కొండ మీద రోడ్డు కిందికి తిరిగే చోట ముగ్గురం ఆగి తినాలన్నది ముందే అనుకున్న మాట. అక్కడ నిజం చెప్పేయాలి. చెప్పి, నెమ్మదిగా ముగ్గురం కలిసి దిగాలి.

అక్కడికి చేరేసరికి కవిత ఒక్కతే రాయి మీద కూర్చుని చపాతీ తింటోంది. ప్రభుదాస్ ఏడీ అన్నాను.

“దిగిండు అన్నా. పావుగంటైతుంది. ఆగమంటే, అన్న చూసొచ్చిండు కదా ఇంక భయమేంది అన్నడు.”

ఆ మాటకు నా లోపల ఏమైందో రాయడానికి నా దగ్గర భాష లేదు. ఇన్నేళ్ళు చదివినదాంట్లో దానికి ఒక్క పదం దొరకలేదు. ఫోన్ చేస్తే సిగ్నల్ లేదు. కవితను బ్రేకులు పట్టుకుని రమ్మని చెప్పి నేను ముందు దిగాను. రెండు చేతులూ బ్రేకుల మీదే. ప్రతి మలుపులో ముందుగా కింద లోయ వైపే చూశాను. మేరీ గొంతు చెవిలో ఉంది.

ఎన్నో మలుపో చెప్పలేను. రోడ్డు అంచున గుర్తురాయి మీద ప్రభుదాస్ కూర్చుని ఉన్నాడు. సైకిల్ పక్కన పడుకోబెట్టి ఉంది. మనిషికి ఏమీ కాలేదు. నన్ను చూసి లేవలేదు. చెయ్యి ఎత్తి ముందుకు చూపించాడు.

మలుపుకు ఇరవై అడుగుల ముందు, కొండ పక్క, ఒక కర్ర నిలబెట్టి చుట్టూ రాళ్ళు పేర్చి ఉన్నాయి. కర్రకు పసుపు పీలిక. మూడు ముడులు.

మలుపులో రోడ్డు పై నుంచి చూస్తే బాగానే ఉంది. తారు నల్లగా, నున్నగా ఉంది. కానీ వానలకు బయటి సగం కింద మట్టి జారిపోయింది. తారు ఒక్కటే పలకలా గాలిలో నిలబడి ఉంది. వేగంగా దిగే సైకిల్ మలుపు తిరిగేటప్పుడు బయటి పక్కే పోతుంది. ప్రభుదాస్ అప్పటికే ఒక పెద్ద రాయి దాని మీదికి దొర్లించి చూశాడట. బల్ల అంత తారు ముక్క రాయితో పాటు కిందికి పోయిందని, చప్పుడు వినపడడానికి చాలాసేపు పట్టిందని చెప్పాడు.

“మూడు ముడులు చూసి బ్రేకేశానన్నా,” అన్నాడు. తరువాత నా వైపు తిరిగి, “మరి ఫోన్‌లో అద్దంలా ఉందన్నారేంటి?” అన్నాడు.

నేను నిజం చెప్పబోయాను. అంతలో అతనే, “అర్థమైందిలే. ముందే చెప్తే మేరీ పంపదని కదా. మీరు మరీ అన్నా,” అని నా భుజం పట్టుకున్నాడు.

కవిత కూడా వచ్చాక చెట్ల కొమ్మలు విరిచి రోడ్డుకు అడ్డం పెట్టి, కొండ పక్కగా సైకిళ్ళు నడిపించుకుంటూ దాటాం. ఘాట్ కింద చెక్‌పోస్టులో చెప్పి, వాళ్ళు మనిషిని పంపించేదాకా అక్కడే ఉన్నాం. తరువాత కుందాపుర దారి పట్టాం. దారిలో ఇంకా విప్పాను. మొత్తం ఏడు. చివరిది ఊరు దగ్గర పడ్డాక ఉంది. దాని ముడి వదులుగా, నిర్లక్ష్యంగా ఉంది. చేతిలో సత్తువ లేనప్పుడు నేను అలాగే వేస్తాను.

బెంగళూరు చేరి ముందుగా చేసిన పని, బీరువాలో సంచి తీసి లెక్కపెట్టడం. ఇరవై ఉన్నాయి. ఏడు చేతిలో ఉన్నాయి. గోడౌన్‌కు పోయి ఆ తాను విప్పి చూశాను. ఇరవై కత్తిరించిన పొడవే తగ్గి ఉంది. అంతకంటే ఎక్కడా కత్తెర పడలేదు.

నేను చదువుకున్న మనిషిని కాబట్టి ఒక్కొక్కటే పరీక్ష చేసుకున్నాను. నిద్రలో నడిచేవాళ్ళ గురించి చదివాను. వాళ్ళు వీధి చివరిదాకా పోవచ్చు, నాలుగు వందల కిలోమీటర్లు దాటి పోయి రారు. మతిమరుపు గురించి చదివాను. అది నిజమైతే ఆదివారం పొద్దున నేను ఇంట్లో ఉండకూడదు. నాలాంటి మనిషి ఇంకొకడు ఉన్నాడనుకుందాం. వాడి దగ్గర నా తాను గుడ్డ ఎందుకుంటుంది? నేను నోటుపుస్తకంలో రాసుకున్న మలుపులు వాడికెలా తెలుస్తాయి? ఆ పుస్తకంలో కూడా ఆ పాడైన మలుపు లేదు. ఏ పటంలోనూ లేదు.

లలితను అడిగాను. ఆమె చెప్పింది ఇది. “పొద్దున ఏడింటికి లేపితే ఊ అని మళ్ళీ పండుకుంటివి. నేను ఆనేకల్ పోయి మాపటేళకు వస్తే అదే పక్కకు తిరిగి పండుకోనుండావు. తట్టలో అన్నం పెట్టింది పెట్టినట్టే ఉండె.” తరువాత గుర్తొచ్చినట్టు, “కాళ్ళు కడుక్కొని పండుకోవాలని బుద్ధి ఉండొద్దా? దుప్పటంతా ఎర్రమన్ను,” అంది.

గోడౌన్ దుమ్ము తెల్లగా, దూదిలా ఉంటుంది. ఎర్రమన్నా, సరిగ్గా చూశావా అని అడిగాను. చూసినాననే అంది. దుప్పటి ఉతికి అప్పటికి రెండు వారాలు దాటింది. కాబట్టి దాన్ని నేను రుజువుగా లెక్కపెట్టడం లేదు. చెప్పింది కనక రాశాను.

తరువాతి ఆదివారం ఆనేకల్ దారిలో టీ అంగడి దగ్గర ఇద్దరికీ మొత్తం చెప్పాను. నిద్రపోయానని, వెళ్ళలేదని, అబద్ధమాడానని. నాకు కావాల్సింది తిట్లు. అవి దొరకలేదు.

“గిదేం వినయం అన్నా,” అంది కవిత. “పీలికలు మీవి, ముడి మీది, గిరిజక్క మిమ్మల్ని చూసింది. పోలేదని మీరొక్కరే అంటున్నరు. కోర్టుల పెడితే మీరే ఓడిపోతరు.”

ప్రభుదాస్ నవ్వలేదు. నాడి పట్టుకుని చూశాడు. చాలా అలిసిపోయినప్పుడు మనిషికి చేసిన పని కూడా గుర్తుండదని, వార్డులో అలాంటివాళ్ళను చూశానని, ఒక వారం సెలవు పెట్టి పడుకోమని చెప్పాడు. బస్సు టికెట్ చూపించాను. వాడని టికెట్ అయినా ఇంకో బస్సు ఎక్కి ఉంటారులే అన్నాడు. ఆ దారి కాగితం తయారు చేసినప్పుడు ఆ చివరి వాక్యం అతను పట్టుబట్టి రాయించాడు.

బిడ్డ పుట్టాక మేరీ, ప్రభుదాస్ మా ఇంటికి వచ్చారు. ఆడపిల్ల. మేరీ పాపను తెచ్చి నా చేతుల్లో పెట్టింది. “ప్రార్థనలో రోజూ మీ పేరు చెప్పుకుంటున్నామన్నా,” అంది. ఆ బిడ్డను ఎత్తుకుని నేను ఇంకోసారి చెప్పబోయాను. ప్రభుదాస్ నా వైపు చూసి, వద్దు అన్నట్టు తల ఊపాడు. లలిత కాఫీ తెచ్చింది. ఊరుకున్నాను.

అయ్యింది ఇదే. దీనికి అర్థం నాకు తెలియదు. మళ్ళీ మళ్ళీ ఆలోచించి అలిసిపోయాను. సైకిల్ కూడా ఇప్పుడు తక్కువే. ఆ దారి మీద పోయేవాళ్ళకు నేను ఖచ్చితంగా చెప్పగలిగింది ఒకటే. నా పేరు చూసి నమ్మకండి. మీరు పోయి చూసుకోండి. ఆ మలుపు బాగు చేశారని విన్నాను. అది కూడా విన్నదే, చూసింది కాదు.

ఇది రాయడానికి సాయపడినవారికి కృతజ్ఞతలు చెప్పాలి. పాత పటాలు ఇంకోసారి బయటికి తీసి, నేను మౌనంగా కూర్చున్నా ఏమీ అడగని లైబ్రరీ సుశీలమ్మ గారికి. ఆ ఆదివారం గురించి ఎన్నిసార్లు అడిగినా విసుక్కుంటూనే ఒకే జవాబు చెప్పిన లలితకు. ఫోన్‌లో మళ్ళీ అంతా ఓపికగా చెప్పిన గిరిజక్కకు. నమ్మకపోయినా ఈ రాత మొత్తం టైపు చేసి పెట్టిన కవితకు. చదివి, ఒక్క మాట కూడా కొట్టేయకుండా తిరిగి ఇచ్చిన ప్రభుదాస్‌కు, మేరీకి.

చివరగా, గొంతు లేకుండా, నేను నిద్రపోతున్న ఆ ఒక్క రోజులో ఆ ఎక్కుడంతా ఎక్కి, ఆ మలుపు దగ్గర రాళ్ళు పేర్చి కర్ర నిలబెట్టిన మునిరాజు గారికి.